ఇది ఉల్లిగడ్డ కాదు!

పూలకుండీల్లో పెంచే గడ్డ మొక్కలు, కండగల ఆకుల మొక్కలు ఇంటికి అందం. వాటి పేరు, గుణం తెలుసుకుని పెంచితే ఆరోగ్యానికీ ఢోకా ఉండదు.

పోయిన సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం నస్రుల్లాబాద్ వైపు నుంచి ఒక కుటుంబం మా దగ్గరకు వచ్చింది. అత్త, కోడలు, పన్నెండేళ్ల మనవడు. ముగ్గురికీ అన్నం తిన్న గంటలోపే వాంతులు మొదలయ్యాయి. అత్తకు అరవై దాటాయి, బీపీ ఉంది. ఆమె బాగా నీరసించిపోయింది. నేను మామూలుగా అడిగే ప్రశ్నలే అడిగాను. రాత్రి మిగిలిన కూర తిన్నారా? బయటి నుంచి ఏమైనా తెచ్చుకున్నారా? లేదన్నారు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. అంతే. కలుషితాహారం అనుకుని సెలైన్ పెట్టించాను.

ఇంటికి వెళ్లి వచ్చిన ఆ ఇంటాయన సాయంత్రం ఒక కవర్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో సగం కోసిన గడ్డ ఉంది. 'సారూ, పచ్చిపులుసుల గిదే కోసిందట. ఉల్లిగడ్డ లెక్కనే ఉంది గానీ వాసన రాలే' అన్నాడు. నిజమే. పైన గోధుమరంగు పొట్టు, లోపల పొరలు పొరలుగా తెల్లటి గుజ్జు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉల్లి ఘాటు మాత్రం లేదు. అది అమరిల్లిస్ గడ్డ. మన దగ్గర 'ఎర్ర లిల్లీ' అని అమ్ముతారు. కుండీలో పిలకలు ఎక్కువయ్యాయని పెద్దామె గడ్డలు తవ్వి, ఎండబెట్టి, మళ్లీ నాటేదాకా ఉంటాయని వంటింట్లో ఉల్లిగడ్డల బుట్ట పక్కనే పెట్టింది. ఎవరో సర్దుతూ రెండింటినీ కలిపేశారు. పులుపు, కారం కలిసేసరికి చేదు తెలియలేదు.

ముగ్గురూ మర్నాటికి కోలుకుని ఇంటికి వెళ్లారు. వాళ్ల అదృష్టం బాగుంది. ఎందుకో కింద చెబుతాను. ఆ రోజు నుంచి నేనూ ఒక పాఠం నేర్చుకున్నాను. వాంతులతో వచ్చిన ఇంటిల్లిపాదినీ 'ఏం తిన్నారు?' అని అడిగి ఊరుకోవడం లేదు. 'ఇంట్లో ఏ మొక్కలు పెంచుతున్నారు?' అని కూడా అడుగుతున్నాను.

మన మాటల్లోనే చూడండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, చామగడ్డ, కందగడ్డ... భూమిలో ఊరేదల్లా మనకు గడ్డే. లిల్లీ గడ్డ కూడా ఆ వరసలోకి ఎప్పుడు చేరిందో మనం గమనించలేదు.

ఇప్పుడు మొక్కలు ఇంటి ముందుకే వస్తున్నాయి. కడియం నర్సరీల నుంచి లారీల్లో దిగిన కుండీలు ట్రాలీ ఆటోల్లో మా బాన్సువాడ వీధుల్లోనూ తిరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లో అయితే గడ్డలు పొట్లంలో వస్తాయి. అమ్మేవాళ్లకు వాటి రంగు తెలుసు, ధర తెలుసు. పేరు అడిగితే 'షో మొక్క మేడం' అంటారు. పెంచొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా క్వార్టర్ వరండాలో నాకూ ఇరవై కుండీలున్నాయి. పేరు తెలియని మొక్క మాత్రం గుమ్మం దాటి లోపలికి రావొద్దు అంటాను.

నీళ్లు తక్కువ పోయడమే పోషణ

కండగల ఆకులున్న మొక్కల్ని నర్సరీల్లో 'సక్యులెంట్స్' అంటున్నారు. కలబంద, రణపాల, కలంకో, జేడ్, స్నేక్ ప్లాంట్, అడీనియం, రకరకాల జెముళ్లు అన్నీ ఈ కోవలోవే. ఆకుల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకుంటాయి. అందుకే రెండు వారాలు ఊరెళ్లి వచ్చినా పచ్చగా ఉంటాయి.

ఇవి నీటిని ఎలా పొదుపు చేస్తాయో తెలియజెప్పిన పరిశీలనల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ నడిపిన తోట బాధ్యతలు చూసిన బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త రణపాల ఆకును వేర్వేరు వేళల్లో నమిలి చూశాడు. తెల్లవారుజామున పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి రుచే లేదు, సాయంత్రానికి కొంచెం చేదెక్కింది. 1813లో ఈ విషయాన్ని లేఖగా రాశాడు. కారణం తర్వాతి కాలంలో తేలింది. ఈ మొక్కలు ఎండవేళ ఆకుల్లోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరైపోకుండా రాత్రిపూటే తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటాయి. పొద్దున పులుపు అదే. ఎండ వచ్చాక ఆ నిల్వతో ఆహారం తయారు చేసుకుంటాయి.

ఇంత పొదుపు చేసే మొక్కకు మనం తులసికి పోసినట్టు రోజూ చెంబెడు నీళ్లు పోస్తాం. వేరు కుళ్లుతుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి రాలిపోతాయి. నీళ్లు చాలలేదేమో అని ఇంకో చెంబు పోస్తాం. ఇళ్లల్లో ఈ మొక్కలు ఎక్కువగా చచ్చేది మన ప్రేమ ఎక్కువై.

వరి పండే మట్టి వీటికి పనికిరాదు. అది నీటిని పట్టి ఉంచుతుంది. ఒక పాలు తోటమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు చిన్న కంకర లేదా నలగ్గొట్టిన ఇటుక ముక్కలు, గుప్పెడు వర్మీకంపోస్టు కలిపితే సరిపోతుంది. ప్లాస్టిక్ కన్నా మట్టి కుండీ మేలు. అడుగున రంధ్రం తప్పనిసరి. రెండంగుళాల లోతు వరకు వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయండి. ఎండాకాలంలో వారం, పది రోజులకోసారి, చలికాలంలో రెండు, మూడు వారాలకోసారి చాలు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నపు ఎండకు కలబంద ఆకు కూడా ఎర్రబారుతుంది. అప్పుడు నీడకు జరపండి. వానాకాలం ముసురుకు చూరు కింద పెట్టండి.

ఇక కుండీ కింద పెట్టే పళ్లెం. గచ్చు మీద మరక పడకూడదని పెడతాం. అందులో నిలిచిన నీళ్లు డెంగీని మోసే ఏడిస్ దోమకు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి ప్రతి శుక్రవారం 'డ్రై డే' రోజున పళ్లేన్ని ఒంపేయండి. ఒంపితే సరిపోదు, పీచుతో రుద్ది కడగాలి. ఈ దోమ గుడ్లు పళ్లెం అంచుకు అతుక్కుని నెలల తరబడి ఎండిపోయి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. సక్యులెంట్‌కు అసలు పళ్లెమే అక్కర్లేదు. తీసేస్తే మొక్కకూ మంచిది, మీకూ మంచిది.

గడ్డ మొక్కకు నిద్ర కావాలి

నేలసంపెంగ, అమరిల్లిస్, వాన పడగానే విచ్చుకునే రెయిన్ లిల్లీ, ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, రంగురంగుల ఆకుల కెలాడియం గడ్డ లేదా దుంప నుంచి వస్తాయి. వీటి లెక్క వేరు. ఏడాదిలో కొంతకాలం ఇవి నిద్రపోతాయి. ఆకులు పండి వాలిపోతే మొక్క చచ్చిందని పారేయకండి. అది విశ్రాంతి.

పూలు అయిపోగానే ఆకులు కత్తిరించడం చాలామంది చేసే పొరపాటు. వచ్చే ఏటి పువ్వుకు కావాల్సిన ఆహారాన్ని ఆ ఆకులే గడ్డలోకి పంపుతాయి. వాటంతట అవి పసుపు రంగుకు మారేదాకా ఆగండి. తర్వాత నీళ్లు తగ్గించి, కుండీని ఓ మూలకు జరపండి. చిన్న గడ్డల్ని వాటి ఎత్తుకు రెండు రెట్ల లోతులో నాటాలి. అమరిల్లిస్‌కైతే గడ్డ మెడ భాగం మట్టి పైకి కనిపించాలి. రెండు, మూడేళ్లకోసారి తవ్వి పిలకల్ని విడదీస్తే పూలు బాగా వస్తాయి.

తవ్వి తీసిన గడ్డల విషయంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. వీటిని గాలి ఆడే పొడి చోట పెట్టాలని పుస్తకాలు చెబుతాయి. మన ఇళ్లల్లో గాలి ఆడే పొడి చోటు అంటే ఉల్లిగడ్డల బుట్టే! ఇది మన పల్లెల్లోనే జరిగే పొరపాటు కాదు. ఇంగ్లండ్‌లో డాఫడిల్ గడ్డల్ని ఉల్లిగడ్డలనుకుని తిన్న సంఘటనలు జరిగాయి. అక్కడి ప్రజారోగ్య సంస్థ 2015లో సూపర్ మార్కెట్లను హెచ్చరించింది. డాఫడిల్ పూలను, గడ్డలను కూరగాయల పక్కన పెట్టి అమ్మొద్దని చెప్పింది.

ఏ గడ్డలో ఏముంది?

అమరిల్లిస్, రెయిన్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ: ఇవన్నీ ఒకే కుటుంబం. డాఫడిల్ కూడా వీటి చుట్టమే. వీటిలో లైకోరిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువగా గడ్డలోనే ఉంటుంది. తిన్న కొద్దిసేపట్లోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. వాంతి త్వరగా కావడం ఒకరకంగా మేలు. విషం చాలావరకు బయటకు వచ్చేస్తుంది. ఆ కుటుంబం మర్నాడే ఇంటికి వెళ్లగలగడానికి ఇదే కారణం. పసిపిల్లలు, ముసలివాళ్లు మాత్రం నీరసించి ప్రమాదంలో పడొచ్చు. రెయిన్ లిల్లీ ఆకులు ఉల్లికాడల్లా, గడ్డలు చిన్న ఉల్లిపాయల్లా ఉంటాయని గుర్తుంచుకోండి.

అగ్నిశిఖ: నేను అసలు భయపడేది దీనికే. దీన్ని అడవినాభి, కలప్పగడ్డ అని కూడా అంటారు. కొసకు ఎరుపు, మొదట పసుపు కలిసి మంటలా కనిపించే పువ్వు. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. వానాకాలంలో అడవుల్లో, కంచెల మీద పాకుతుంది. ఇప్పుడు 'గ్లోరియోసా లిల్లీ' పేరుతో కుండీల్లోకీ వచ్చింది. దీని దుంప నాగలి ఆకారంలో ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే. చిలగడదుంపో, మరో దుంపో అనుకుని దీన్ని తిన్నవాళ్లు ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు శ్రీలంకలో, మన దేశంలో వైద్యులు నమోదు చేశారు.

ఇందులోని కోల్చిసిన్‌ను గౌట్ అనే కీళ్లనొప్పికి అతి తక్కువ మోతాదులో మందుగా వాడతాం. మోతాదు మించితే అది శరీరంలో కణాల విభజననే ఆపేస్తుంది. మొదట కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు వస్తాయి. అవి తగ్గాక మనిషి తేరుకున్నట్టు కనిపించవచ్చు. ఇంటివాళ్లు 'నయమైంది, తీసుకెళ్తాం' అని తొందరపెడతారు. రెండో, మూడో రోజున బీపీ పడిపోవడం, కిడ్నీలు, కాలేయం, ఎముక మూలుగ దెబ్బతినడం మొదలవుతుంది. దీనికి ఫలానా విరుగుడు అని ఇచ్చే ఇంజెక్షన్ మన ఆసుపత్రుల్లో లేదు. బతికి బయటపడ్డవాళ్లకు కూడా రెండో వారంలో జుట్టు రాలిపోవచ్చు. అందుకే ఆ బుట్టలో అమరిల్లిస్‌కు బదులు ఈ దుంప ఉండుంటే అని ఇప్పటికీ అనుకుంటాను. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ తీగ వద్దే వద్దు.

కెలాడియం: దీని ఆకులో, దుంపలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. నమిలితే నాలుక, పెదవులు మండి వాస్తాయి. చామగడ్డ, కంద దురద పెట్టేదీ ఈ సూదులవల్లే. వాటిని మనం ఉడికించి, చింతపండు వేసి వండుకుంటాం. కెలాడియం తినే గడ్డ కాదు, వండినా తినకూడదు. పసివాళ్లు ఆకు నమిలి గొంతు వాస్తే ఊపిరి ఆడడం కష్టం కావచ్చు.

ఒక గుర్తు పెట్టుకోండి. ఉల్లి, వెల్లుల్లి ఏదైనా కోస్తే ఘాటు వాసన రావాలి. వాసన లేని 'ఉల్లిగడ్డ'ను కత్తిపీట దగ్గరే ఆపేయండి.

పాలు కారేవి, ముళ్లున్నవి

కాడజెముడు, బొమ్మజెముడు, ఎర్రటి చిన్న పూలు పూసే 'క్రౌన్ ఆఫ్ థార్న్స్' యుఫోర్బియా జాతివి. కొమ్మ తుంచగానే తెల్లటి పాలు కారతాయి. అవి చర్మానికి తగిలితే మంట, బొబ్బలు. కంట్లో పడితే తీవ్రమైన నొప్పి వచ్చి నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది, చూపు మసకబారుతుంది. వీటిని కత్తిరించేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. అంతవరకు ముఖం తుడుచుకోవద్దు. కంట్లో పడితే వెంటనే ధారగా పడే మంచినీటితో 15 నుంచి 20 నిమిషాలు కడిగి కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. రోజ్ వాటర్, తల్లిపాలు, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయకండి.

బొద్దు కాండంతో, గులాబీరంగు పూలతో ఉండే అడీనియం గన్నేరు కుటుంబానిది. దాని రసంలోనూ గన్నేరులో మాదిరిగా గుండె లయను దెబ్బతీసే పదార్థాలున్నాయి. ఆఫ్రికాలో దీన్ని బాణాలకు పూసే విషంగా వాడేవారు. కలంకో జాతి మొక్కల్లోనూ గుండెపై పనిచేసే పదార్థాలున్నాయి. అవి మేసి పశువులు చనిపోయిన సంగతి ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా పశువైద్యులకు బాగా తెలుసు. కత్తిరించిన కొమ్మల్ని గేటు బయట మేకలకు, ఆవులకు అందేలా పడేయకండి.

నాగజెముడు జాతిలో పెద్ద ముళ్లకన్నా కంటికి కనిపించని నూగు ముళ్లే ఇబ్బంది పెడతాయి. చేత్తో రుద్దితే ఇంకా లోపలికి దిగుతాయి. పట్కారుతో లాగి, మిగిలినవాటిని అంటుకునే టేపుతో తీయండి. షుగర్ ఉన్నవాళ్లు కుండీల దగ్గరకు చెప్పుల్లేకుండా వెళ్లొద్దు. పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకు ముల్లు దిగింది తెలియదు. చీము పట్టాకే తెలుస్తుంది. మట్టిపని చేసేవాళ్లు పదేళ్లకోసారి ధనుర్వాతం టీకా బూస్టర్ వేయించుకోవాలి.

పెరటి వైద్యం, పడగ్గది మొక్క

రణపాల ఆకు నమిలితే కిడ్నీలో రాయి కరుగుతుందని మా ఓపీలో తరచూ వింటాను. రణపాల కూడా కలంకో జాతిదే. గుండె జబ్బుకు డిగాక్సిన్ వాడేవాళ్లు దాన్ని అసలు ముట్టుకోవద్దు. రాయి మూత్రనాళానికి అడ్డుపడి జ్వరం వచ్చిందంటే అది ఆకులతో గడిపే సమయం కాదు. ఆలస్యమైతే కిడ్నీ పోతుంది.

కలబంద లోపలి జిగురు చర్మానికి రాసుకోవడం వేరు, ఆకు కోసి మింగడం వేరు. తొక్క కింద కారే పసుపురంగు రసం గట్టి విరేచనకారి. రోజూ తాగితే శరీరంలో పొటాషియం పడిపోతుంది. విరేచనాల మందుగా దుకాణాల్లో నేరుగా అమ్మే మందుల్లో దీన్ని వాడకుండా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో ఆపేసింది. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు తాగొద్దు. పైగా నర్సరీలో 'కలబంద' అని ఇచ్చే ప్రతి మొక్కా మందుకు వాడే కలబంద కాదు. అందంకోసం పెంచే జాతులు చాలా ఉన్నాయి.

స్నేక్ ప్లాంట్ పడగ్గదిలో పెడితే గాలి శుభ్రమవుతుందని కొంటున్నారు. 1989లో నాసా చేసిన పరీక్ష గాలి చొరబడని చిన్న గదుల్లో జరిగింది. మన ఇళ్లకు తలుపులు, కిటికీలు ఉన్నాయి. 2019లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం మామూలు గాలి మార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. కిటికీ తెరవడం తేలిక. ఆస్తమా ఉన్న పిల్లాడికి ఇన్‌హేలర్ ఆపి మొక్క తెచ్చిపెట్టడం మాత్రం చేయకండి.

ఎవరైనా నమిలితే ఏం చేయాలి?

- నోట్లో ఉన్నది ఉమ్మించి, నీటితో పుక్కిలించమనండి. పసివాళ్లకు తడిగుడ్డతో నోరు తుడవండి.
- ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించొద్దు. పాలు, నెయ్యి, చింతపండు రసం పట్టొద్దు.
- మొక్కలో ఓ కొమ్మ, గడ్డ, పువ్వు ఏది దొరికితే అది కవర్లో వేసుకుని ఆసుపత్రికి తెండి. లేదంటే ఫొటో తీసుకోండి. మాకు సగం రోగనిర్ధారణ అందులోనే ఉంటుంది.
- ఎంత తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అన్నది గుర్తుపెట్టుకుని చెప్పండి.
- ఆయాసం, మత్తు, గుండె దడ, పెదవులు వాయడం ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.
- వాంతులు తగ్గాయని మధ్యలో ఇంటికి తీసుకెళ్లకండి. ఎప్పుడు పంపాలో డాక్టర్‌ను చెప్పనివ్వండి.

ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించి ఇంట్లోని కుండీలన్నీ ఒకసారి చూడండి. పిల్లల్ని కూడా పిలవండి. తెలిసినవాటి పేర్లు ఐస్‌క్రీమ్ పుల్లల మీద రాసి కుండీల్లో గుచ్చండి. తెలియనివాటి ఫొటో తీసి నర్సరీవాళ్లనో, ఊళ్లోని బోటనీ మాస్టారునో అడగండి. తవ్వి తీసిన గడ్డల్ని మూత ఉండే అట్టపెట్టెకు చిల్లులు పెట్టి అందులో వేసి, వంటింటికి దూరంగా అటక మీద పెట్టండి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి.

ఆ పెద్దామె నెలనెలా బీపీ మాత్రలకు వస్తుంది. మొన్న వచ్చినప్పుడు గడ్డలు ఏం చేశావమ్మా అని అడిగాను. పారేసిందనే అనుకున్నాను. 'ఎట్ల పారేస్తం సారూ, ఎండకాలంల మంచిగ పూసినయి' అంది. మిగిలినవి పెట్టెలో పెట్టి అటకెక్కించిందట. పెట్టె మీద మనవడు పేరు రాశాడట. ఏమని రాశాడమ్మా అంటే నవ్వింది.

'ఇది ఉల్లిగడ్డ కాదు' అని.